కీచుమన్న బ్రేకుకు నూనె వద్దు

అత్తయ్యా,

స్కూటరు మీకోసం ఉంచేసి నేను బస్సుకు వెళ్తున్నాను. తాళంచెవి మీ కత్తెరల డబ్బాలో ఉంది. మెకానిక్ కొత్త బ్రేకులు వేశాడు. గేటు లోపలే ఒకసారి నొక్కి చూసుకుని బయటికి తీయండి. బటన్ నొక్కితే స్టార్ట్ కాకపోతే కిక్ కొట్టండి. సైడ్ స్టాండు తీయడం మర్చిపోకండి. వెనక టైరులో గాలి తగ్గింది, పెట్రోలు బంకులో కొట్టించండి.

మీకు దండం పెడతాను, బ్రేకు కీచుమంటోందని ఇంకెప్పుడూ కుట్టుమిషన్ నూనె వెయ్యకండి. మిషన్‌కి చప్పుడొస్తే నూనే మందు, నిజమే. కానీ బ్రేకు పట్టుకోవాలి గానీ జారకూడదు. నిన్న నేను తిన్నగా వెళ్లి గేటును గుద్దుకున్నాక గానీ సంగతి తెలియలేదు. మోచెయ్యి ఇంకా సలుపుతోంది.

అయినా మిమ్మల్ని చూస్తే ముచ్చటేస్తుంది. మామయ్యగారు ఎంత ఎగతాళి చేసినా, ఈ వయసులో పట్టుబట్టి నేర్చుకున్నారు. మీరు మలుపు తిప్పుతుంటే, బట్టకు మెడ గుండ్రంగా కత్తిరించినట్టు బండి నున్నగా తిరుగుతుంది. నాకు ఇప్పటికీ అలా రాదు. ఇవాళ స్కూలు యూనిఫాంల మూట మీరొక్కరే తీసుకెళ్లి ఇచ్చి రండి. ఆటోవాణ్ణి బతిమాలకండి.

చెప్పడం మరిచాను. నూనె ఎవరు పోశారని మామయ్యగారు నిలదీశారు. నిజం తెలిస్తే మీకు తాళంచెవి దక్కనివ్వరు. అందుకే నేనే పోశానన్నాను. "చదువుకున్నావు, ఆ మాత్రం తెలీదా?" అని చెడామడా తిట్టారు. మీ తిట్లు నేను తిన్నాను కాబట్టి, సాయంత్రం బస్టాపుకు మీరే రండి. వెనక నేను కూర్చుంటాను.