గాలి అద్దాలతో సహా బండి మా చిన్నకోడలికి

నేను బట్టలకు రంగులద్ది బతికిన మనిషిని. వయసు అరవై మూడు. తల తిన్నగా ఉంది, మాట తడబడటం లేదు, నా చేయి పట్టి ఎవరూ రాయించడం లేదు. చదివింది నాలుగో తరగతే. అక్షరాలు అటూ ఇటూ పోయినా అర్థం ఎటూ పోకుండా రాస్తున్నాను. దీన్ని అమలు చేసే బాధ్యత నా తమ్ముడిది.

1. అద్దకం షెడ్డు, కాగులు, పొయ్యిలు, రంగుడబ్బాలు నా తదనంతరం నా పెద్దకొడుకుకు సర్వహక్కులతో చెందాలి. వాడికి పని వచ్చు. ఓపిక లేదు. అది నేను రాసివ్వగలిగేది కాదు.

2. నా నల్ల గొడుగు నా తమ్ముడికి. వాన పడ్డప్పుడల్లా పట్టుకెళ్తాడు, అడగ్గా అడగ్గా తెచ్చిస్తాడు. ఇక తెచ్చివ్వక్కర్లేదు.

3. దూరప్రయాణాల పెద్ద మోటారు సైకిలు. కొన్నది నా చిన్నకొడుకు, కాగితాలు నా పేరున ఉన్నాయి. "అమ్మ పేరు చూస్తే పోలీసు కూడా మర్యాదిస్తాడు" అని నవ్వేవాడు. నిరుడు జ్వరం వచ్చి పోయాడు. ఈ బండి, దాని గాలి అద్దాలతో సహా, వాడి భార్యకు, అంటే నా చిన్నకోడలికి చెందాలి.

పెద్దోడికి ఇది నచ్చదు. "అచ్చిరాని బండమ్మా, అమ్మేద్దాం. అయినా మొగుడు పోయిన పిల్ల దానిమీద ఊళ్లు తిరుగుతుందా?" అన్నాడు. ఒరే, నీ తమ్ముడు బండి మీద పోలేదు, మంచం మీద పోయాడు. ఆ మంచం అమ్మేద్దామని నువ్వు ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు దానిమీద నువ్వే పడుకుంటున్నావు.

4. గాలి అద్దాల సంగతి వివరంగా రాయాలి. బండికి ముందు అటొకటి ఇటొకటి ఉండే ప్లాస్టిక్ రెక్కలవి. ఎదురుగాలిని పక్కకు తోస్తాయి. కొన్నప్పుడు నీళ్లలా ఉండేవి. వాడికి పలచటి పొగరంగు కావాలనిపించింది. ఇంట్లో ఇన్ని కాగులుండగా బజారెందుకని షెడ్డులోనే కుడి రెక్క అద్దాడు. నూలు రంగు కడగ్గానే పోయింది. పాలిస్టర్ రంగు వేసి కుతకుత మరిగిస్తే పట్టింది. ఎంతైనా అద్దకం వాళ్ల బిడ్డ కదా, ఆ వేడి రెక్కను బట్టలాగే తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాడు. మెత్తబడ్డ ప్లాస్టిక్ కిందికి జారి, అలాగే వంగి గట్టిపడింది. నేను పడీపడీ నవ్వాను. "వంకరైతే ఏమమ్మా, రంగు చూడు" అంటూ దాన్నే బిగించాడు.

తర్వాతైనా ఎందుకు మార్చలేదో నాకు అంతు చిక్కలేదు. "వెనక కూర్చుంటే ఆ పక్క గాలి కొట్టదత్తయ్యా" అంది కోడలు. నమ్మలేదు. చూడందే నాకు తోచదు. తను నడుపుతుంటే వెనక కూర్చుని రెండు చేతుల్లో రెండు గుడ్డపీలికలు పట్టుకున్నాను. ఎడమచేతిది టపటపా కొట్టుకుంది. కుడిచేతిది ఊరికే వేలాడింది. చెయ్యి ఎత్తి చూశాను, దించి చూశాను, అంతే. గాలి ఆ వంపెక్కి నా మీదుగా పోతోంది. నడిపేవాళ్లకు దాంతో ఒరిగేదేమీ లేదు, సుఖమంతా వెనక కూర్చున్నవాళ్లకే. వాడి వెనక కూర్చున్నది కోడలొక్కతే. వెనక గాలి తగలదని వాడికి ఎప్పుడు తెలిసింది? ఎవరిని అడగను?

5. ఎడమ రెక్క ఇంకా నీళ్లలాగే ఉంది. అమ్మాయీ, పాలిస్టర్ నలుపు ఒక చెంచా, గోధుమరంగు అర చెంచా. అడుగున బుడగలు పట్టగానే మంట తగ్గించు. విరిగిన ప్లాస్టిక్ ముక్కల మీద వేసి చూశాను, కుడి రెక్క రంగుతో కలిసింది. వంపు ఎంత ఉండాలో మాత్రం తేల్చలేకపోయాను. అద్దుకుంటావో, వంచుకుంటావో, రెండూ తీసేసి కొత్తవి కొనుక్కుంటావో నీ ఇష్టం.

6. ఈ బండి అమ్మమని గాని, ఇంట్లో పెట్టి తాళం వేయమని గాని నా పెద్దకొడుకైనా, బంధువులెవరైనా ఆమెను ఒత్తిడి చేయరాదు. చేస్తే ఒకటో అంకె కింద రాసిన షెడ్డు కూడా ఆమెకే చెందుతుంది. ఇకమీదట బండి నడిపేది ఆమె. వెనక ఎవరిని ఎక్కించుకుంటుందో ఎవరూ అడగరాదు. ఆ కూర్చునే మనిషికి చలిగాలి తగలకూడదని మాత్రం నా కోరిక.

తేదీ: ఏప్రిల్ పదకొండు, శుక్రవారం.

సంతకం: నేనే పెట్టాను.

సాక్షులు:
పక్క వీధి దర్జీ
బండి చూసే మెకానిక్కు