నేపాళం పోయే గుర్వమ్మను ఆపవద్దు

బీరన్నకు అమ్మ బక్కమ్మ దీవెనలు. నేను తప్పిపోయానని మాతో యాత్రకొచ్చిన కృష్ణయ్య రాసి ఉంటే ఎవరూ ఏడవకండి. నేపాళంలో పశుపతి దర్శనం చేసుకొని, అందరితో కలిసి సరిహద్దులోని రక్సౌలు స్టేషనుకు క్షేమంగా వచ్చాను.

తప్పు నాదే. కొండ తోవలో గొర్ల మంద అడ్డం వచ్చి మేం ఎక్కిన లారీ ఆగింది. ఒక గొర్రె కుంటుతుంటే దిగి దాని డెక్క చూశాను. ముల్లు తీసేలోపు లారీ వెళ్లిపోయింది. భాష తెలియక ఏడుస్తూ కూర్చున్నాను. మంద కాసే ఆమె నా గొంగడి తడిమి, తన కంబళి చూపించి నవ్వింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి పాలిచ్చి, వెనుక వచ్చిన లారీ ఎక్కించింది. దాంట్లో పోయి మావాళ్లను కలుసుకున్నాను.

"గొర్లు కనవడితే గీ లోకం యాదికుండదా పెద్దమ్మా?" అని కృష్ణయ్య కోప్పడ్డాడు.

"కుంటుతున్న జీవాన్ని జూసి ఎట్ల ఊకుందు కొడుకా?" అన్నాను.

వచ్చే నెల బయలుదేరే మీ చిన్నమ్మ గుర్వమ్మను భయపెట్టి ఆపకు. కలరా సూది వేయించుకొని, సరిహద్దులో అడిగే ఆ చీటీ కొంగున కట్టుకొమ్మను. మన రూపాయలు రక్సౌలులోనే అక్కడి పైసలుగా మార్చుకోవాలి. గొంగడి మరవవద్దు, చలి ఎముకలు కొరుకుతుంది. నడుమ లారీ దిగవద్దని నా మీద ఒట్టు పెట్టించు.

పొట్టేళ్లకు గాలికుంటు తగ్గిందా? కోడలు వేళకు తింటున్నదా? నాకు ఒకటే ఫికరు. ఇక్కడినుంచి కాశీకి పోతున్నాం, అక్కడి సత్రానికి జవాబు రాయి.

మిమ్మల్నందరినీ, పేరు కూడా అడగలేకపోయిన ఆ కొండల అక్కనూ, ఆమె మందనూ మన బీరప్ప దేవుడు చల్లగా చూడాలి.