రూతు లెక్క, చీకటి నక్షత్రం

1988 ఆగస్టు, శుక్రవారం రాత్రి. నరసరావుపేట.

ఈ రోజు మా అమ్మాయి రూతు చనిపోయి ఏడాదైందని ప్రార్థన పెట్టుకున్నాం. అందరూ వెళ్ళాక దాని కాలేజీ స్నేహితురాలు సలోమి నా దగ్గర కూర్చుంది. జబ్బుతో మంచం పట్టినా నా బిడ్డ వదలని ఆ లెక్క, అదే, ఏదో ఒక తీరు అంకె అసలు ఉందా లేదా అనేది, ఎప్పటికైనా తేలుతుందా అని అడిగాను.

"అంకెలకి అంతు లేదు గదా పిన్నీ. ఒక్కోటీ చూసుకుంటా పోతే కంప్యూటరు గూడా తేల్చలేదు. కానీ కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదంట. వెలుగును గూడా బయటికి పోనియ్యని చానా బరువైన చీకటి నక్షత్రంలోకి పోయినోళ్ళకి పూట గడిచేలోపు బయట అంతులేనన్ని యుగాలు గడవొచ్చంట. బయట మిషను లెక్క చేస్తానే ఉంటే, లోపలోళ్ళకి జవాబు అందుద్దంట."

"వాళ్ళు తిరిగొచ్చి మనకి చెబుతారా?"

"రాలేరు. ఇదంతా ఇంకా కాగితం మీద మాటేలే."

"మరి అన్ని యుగాలు మిషనుకి కరెంటు ఎవరిస్తారే?"

సలోమి పకపకా నవ్వింది. "ఇదంతా చెప్పిన మా సారును గూడా ఈ మాట ఎవరూ అడగలా పిన్నీ!"

నాకు నిద్ర రావడం లేదు. పరలోకంలో రూతు ఒంటరిగా నా కోసం ఎదురుచూస్తుంటుందని, నన్నూ త్వరగా తీసుకుపొమ్మని ప్రభువును రోజూ అడుగుతున్నాను. కాలం చోటుకో తీరైతే, దానికి ఇంకా ఒక పూటైనా గడవలేదేమో. నా కోసం వెతకడం మొదలుపెట్టనే లేదేమో...

ఈ రాత్రి ఆ మాట అడగకుండానే ప్రార్థన ముగించాను.