లోపల ఒక మనిషి ఉండాలి

జూన్ 9, సోమవారం

హైదరాబాద్ నుంచి పొద్దున్నే దుమ్ముగూడెంలో దిగాం. నడుము నాది కాదు. ఫ్లాట్లు చూసి చూసి కళ్లలో టైల్సే తిరుగుతున్నాయి. లిఫ్ట్ ఎక్కినప్పుడల్లా వాసు చెయ్యి పట్టుకున్నాను. పెళ్లిలో కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదని ఏజెంట్ ముందే ఎగతాళి చేశాడు. నా మొగుడికి నోరెక్కువ.

ఏజెంట్ పేరు జయప్రకాశ్. సత్తుపల్లి వైపు మనిషి, చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని. అక్కడే ఉద్యోగం చేసే మా అమ్మాయి హర్షిత ఆఫీసులో ఎవరో చెప్పారు. ఫ్లాట్ నచ్చడం ఆఖరి మాటండీ, ముందు కాగితాలు నచ్చాలి అన్నారు. ఈసీ తీయిస్తారట, లాయర్‌కు చూపిస్తారట, ఆ తర్వాతే అడ్వాన్స్ అట. ఈసీ అంటే ఏమిటని అడిగాను. ఆ ఇల్లు ఇదివరకు ఎవరెవరికి అమ్మారో, ఎక్కడ తాకట్టులో ఉందో ప్రభుత్వం ఇచ్చే లెక్క అని ఓపికగా చెప్పారు. నాకు ఆ మనిషి నచ్చారు.

వాసుకు నచ్చలేదు. బస్సులో దారి పొడుగునా ఒకటే గొణుగుడు. మా తాత గీ లాయర్లు గిట్ల లేకుండానే దుమ్ముగూడెంల ఇల్లు కొనలేదా, ఎవడన్నా వచ్చి లెమ్మన్నడా అని.

ఎవరూ లేవమనలేదు. నేను మాత్రం లేవమంటారేమోనని పాతికేళ్లుగా భయపడుతూనే ఉన్నాను.

జూన్ 12

ఇది ఎవరికీ చెప్పే మాట కాదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మేముండే ఇల్లు మా పేరు మీద లేదు. కింద ఎరువుల షాపు, పైన మేము, వెనక మిర్చి కల్లం. ఏదీ మాది కాదు. ఇది ఏజెన్సీ, గిరిజన ప్రాంతం. ఇక్కడి భూమి కోయవాళ్ల నుంచి మాలాంటి వాళ్ల పేరు మీదకు రిజిస్టర్ కాదు, చట్టం ఒప్పుకోదు. వాసు తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి జంపయ్య అనే కోయాయన దగ్గర తెల్ల కాగితం మీద రాయించుకుని, పెద్దమనుషుల ముందు వేలిముద్రలు పెట్టించుకుని ఇందులో చేరాడు. సర్కారు లెక్కల్లో ఇది ఇప్పటికీ జంపయ్యదే. ఆయన పోయాక కూతురు జంపక్కది.

మరి మాకున్నదేమిటి? లోపల ఉండడం. అంతే. మా ఇంట్లో అందరూ కలిసి పెళ్లికి పోరు, తిరపతికి పోరు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తయ్య నాకు చెప్పిన మొదటి మాట వంట గురించి కాదు. లోపల ఒక మనిషి ఉండాలమ్మాయ్, తాళం పడిన ఇల్లు ఆ తాళం చూసినవాడిదే అంది.

వీధిలో ఆఫీసర్ల జీపు ఆగితే నేను ఇప్పటికీ కిటికీ వెనక నిలబడి అది కదిలేదాకా చూస్తాను. అందుకే నాకు ఒక్క ఇల్లు కావాలి. చిన్నదైనా ఫరవాలేదు. కాగితం మీద మా పేరుండాలి, తాళం వేసి అందరం కలిసి బయటికి వెళ్లగలగాలి. నాకు ఇంకే కోరికా లేదు.

జూన్ 15, ఆదివారం

శివకుమార్ వచ్చాడు. కారేపల్లి వాడు, అత్తయ్యకు చెల్లెలి వరసామె కొడుకు. హైదరాబాద్‌లో ఏవో వెంచర్లు చేస్తాడు. మేము ఇల్లు వెతుకుతున్నామని తెలిసి వచ్చాడట. మియాపూర్ దాటాక ఒక అపార్ట్‌మెంట్‌లో బిల్డర్ తనకు రావలసిన డబ్బు కింద ఫ్లాట్ ఇచ్చాడట. రిజిస్ట్రేషన్లు అందరివీ కలిపి దసరాకు చేస్తారట. ఇంతలో కాగితం రాసుకుని, తాళంచెవి తీసుకోండి పెద్దమ్మా అన్నాడు.

తాళంచెవి అనగానే అత్తయ్య ముఖం విప్పారింది. వాసు ముఖం కూడా.

నేను జయప్రకాశ్ గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఈసీ చూడకుండా సంతకం పెట్టకండమ్మా, ఫ్లాట్ నంబర్ ఇవ్వండి, రెండ్రోజుల్లో తీసి చూపిస్తాను అన్నారు. వాసు ఫోన్ లాక్కుని కట్ చేశాడు. ఆయనకు కమీషన్ పోతదని కడుపుమంట, మనోడిని పట్టుకొని ఈసీ చూపెట్టుమంటె ఏమనుకుంటడు అన్నాడు.

నేను గట్టిగా అనాల్సింది. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

జూన్ 19

పర్ణశాలలో, గుడి మండపంలో, మా ఊరి పెద్దమనుషుల ముందు కాగితం రాసుకున్నాం. సాక్షి సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరూ ఆ ఫ్లాట్ చూడలేదు. మిర్చి అమ్మిన డబ్బంతా అటు వెళ్లింది, తాళంచెవి ఇటు వచ్చింది.

జూన్ 28

శివకుమార్ ఫోన్ స్విచాఫ్.

జూలై 1, మంగళవారం

వాసు షాపులో ఉండగా జయప్రకాశ్ గారికి చేశాను. నంబర్ రెండుసార్లు తప్పు నొక్కాను. తిట్టి ఫోన్ పెట్టేస్తారనుకున్నాను. తిట్టలేదు. సాయంత్రానికి ఈసీ తీసి ఫోన్ చేశారు.

ఆ ఫ్లాట్ మార్చిలోనే రిజిస్టర్ అయిపోయింది. ఎవరో మొగుడూ పెళ్లాం, బ్యాంకు లోన్ పెట్టి కొనుక్కున్నారు. శివకుమార్‌కు దాంతో ఏ సంబంధమూ లేదు. ఆ తాళంచెవి అక్కడ కట్టుబడి పని జరుగుతున్నప్పుడు ఎప్పుడో చేయించుకుని ఉంటాడన్నారు. వెంటనే పోలీసు కంప్లయింట్ ఇవ్వండి, లాయర్‌ను నేను మాట్లాడతాను, ఆలస్యమైతే వాడు దొరకడు అన్నారు.

వాసుకు చెప్పాను. కేసు వద్దన్నాడు. పోలీసోళ్లు మొదలు అడిగేది మన అడ్రస్సు, ఆ ఇల్లు ఎవరిదంటరు, గా కాగితం తియ్యుమంటరు, ఫ్లాటు పోయిందని అడగబోతే ఉన్నది కూడా పోతది అన్నాడు.

నిజమే. దొంగను పట్టించడానికి కూడా మాకు ఒక సొంత గుమ్మం లేదు.

జూలై 4

ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. నేను వెళ్లి ఆ ఫ్లాట్‌లో కూర్చోవాలి.

తాళంచెవి మన చేతిలో ఉంది, వాళ్లింకా చేరలేదు, ముందు చేరినవాళ్లదే ఇల్లు అని అత్తయ్య. షాపులో విత్తనాల సీజన్, వాసు కదలలేడు. పైగా ఆడమనిషిని ఎవరూ మెడపట్టి గెంటరట. అత్తయ్య వాళ్ల అత్తగారు ఇలాగే పొలం గుడిసెలో చాప వేసుకుని వానాకాలమంతా ఉందట, అవతలివాళ్లు వచ్చి వచ్చి విసిగి పోయారట. ఆ కథ చెబుతున్నంతసేపూ అత్తయ్య నా సంచిలో బియ్యం, పచ్చడి సర్దుతూనే ఉంది.

ఆషాఢంలో కొత్తింట్లోకి ఎలా వెళ్తారు అని అడిగాను. అంతకన్నా పెద్ద అభ్యంతరం నోటికి రాలేదు. ఇది చేరడం కాదు, కూర్చోవడం అంది.

జూలై 6, ఆదివారం

కూర్చున్నాను.

అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లు ఖాళీ. వాచ్‌మన్ ఇంకా లేడు. నన్ను ఎవరూ అడగలేదు. అడుగుతారని సిద్ధమైన అబద్ధం నోట్లోనే ఉండిపోయింది. లోపలి నుంచి గడియ పెట్టి, దానికి అడ్డంగా బియ్యం సంచి జరిపాను. బియ్యం సంచి ఎవరిని ఆపుతుందో నాకూ తెలియదు.

హర్షిత వచ్చింది. అమ్మా ఇది ట్రెస్‌పాస్, ఇంకొకరి ఇంట్లో చొరబడడం, నిన్ను అరెస్ట్ చేస్తారు, నా హాస్టల్‌కు వచ్చెయ్ అని ఏడ్చింది. నాన్నతో మాట్లాడమన్నాను. మాట్లాడింది. ఇంకా ఎక్కువ ఏడ్చింది. అన్నం తినకుండా వెళ్లిపోయింది.

జూలై 11

లిఫ్ట్ ఆగిన చప్పుడు వినిపిస్తే స్టవ్ ఆపేస్తున్నాను. కుక్కర్ పెట్టడం మానేశాను, విజిల్ వస్తుందని. ఫోన్ సైలెంట్. దగ్గు వస్తే దిండులో దగ్గుతున్నాను.

సిగ్గులేని సంగతి ఒకటి రాస్తాను. ఈ ఇల్లు నాకు నచ్చింది. పొద్దున పూట హాల్లో ఎండ నేల మీద బారుగా పడుతుంది. రోజూ రెండుసార్లు ఊడుస్తున్నాను. ఇక్కడ సోఫా, అక్కడ దేవుడి మందిరం అని చూసుకుంటున్నాను. ఆ వెంటనే ఇదంతా ఎవరో అమ్మాయి కూడా చూసుకునే ఉంటుందని గుర్తొచ్చి చీపురు పక్కన పెట్టేస్తాను.

ఇవాళ జంపక్క గుర్తొచ్చింది. ఎరువులకు వస్తుంది, బయట బల్ల మీద కూర్చుంటుంది, అప్పుడప్పుడు తలెత్తి మా మేడ వైపు చూస్తుంది. ఆ చూపు చూసి ఇన్నేళ్లూ నేను భయపడ్డానే తప్ప, ఆమెకేమనిపిస్తుందో ఒక్కసారీ అనుకోలేదు.

జూలై 14, మధ్యాహ్నం

బయట నుంచి ఎవరో తాళంచెవి తిప్పారు. గడియ ఉంది కాబట్టి తెరుచుకోలేదు. నేను తలుపుకు ఇటువైపు నోరు మూసుకుని నిలబడ్డాను. ఆడగొంతు, తలుపు బిగుసుకుందేమో, పూజ రోజుకు కార్పెంటర్‌ను పిలవాలి అంది. వెళ్లిపోయారు.

జూలై 17

నేనిక్కడ ఉన్నానని హర్షిత చెప్పిందట, జయప్రకాశ్ గారు వచ్చారు. లోపలికి రానివ్వమని అడగలేదు, మెట్ల దగ్గర నిలబడే మాట్లాడారు. నాకు ఆయన రూపాయి కూడా బాకీ లేరు, నేనే ఆయన్ని కాదన్నాను, అయినా వచ్చారు. కొన్నవాళ్లిద్దరూ ఉద్యోగాలు చేసుకునే పిల్లలమ్మా, శ్రావణం రాగానే మొదటి శుక్రవారం గృహప్రవేశం పెట్టుకున్నారు, మీరు లోపల ఉండగా వాళ్లు కంప్లయింట్ ఇస్తే కేసు మీ ఒక్కరి మీదే పడుతుంది, మీ ఆయన మీదా కాదు, శివకుమార్ మీదా కాదు అన్నారు. ఇప్పుడు బయటికి వస్తే మోసపోయినవాళ్లు, వాళ్లొచ్చాక అయితే మోసం చేసినవాళ్లు అన్నారు. స్టేషన్‌కు తనూ వస్తానన్నారు.

వాసుకు ఫోన్ చేశాను. ఊళ్లో వానలు, గోదారి పెరుగుతోందట, షాపు సరుకంతా పైకి మోస్తున్నాడు. రొప్పుతూ మాట్లాడాడు. గిప్పుడు లేస్తే అంతా పోయినట్టే, వాళ్లొస్తే ఇది మాది, మేం కొనుక్కున్నం, కాగితం ఉంది అని గట్టిగ చెప్పు, నేను జల్దీ వస్త అన్నాడు.

ఆ మాట అద్దం ముందు నిలబడి అనుకుంటున్నాను. ఇది మాది. మేం కొనుక్కున్నాం. నా ముఖం నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

జూలై 24

భద్రాచలం దగ్గర గోదారికి రెండో ప్రమాద హెచ్చరిక. దుమ్ముగూడెం రోడ్డు మీదికి నీళ్లు. వాసు రాలేడు. ఫోన్ కూడా కలవడం లేదు. రేపు శుక్రవారం.

హర్షిత హాస్టల్‌కు వెళ్లిపోదామని సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లాను. చెప్పులు వేసుకున్నాను. బయటి నుంచి తాళం వేయడానికి నాకు చెయ్యి రాలేదు. తాళం వేస్తే పోయినట్టేనని పాతికేళ్లుగా విన్నాను. మళ్లీ లోపలికి వచ్చాను. నా అంత పిరికిదాన్ని దేవుడు ఇంకొకరిని పుట్టించి ఉండడు.

జూలై 25, శుక్రవారం

పొద్దున్నే వచ్చారు. తలుపు తీశాను. ఆ అమ్మాయికి మా హర్షిత కన్నా నాలుగేళ్లు ఎక్కువ ఉంటాయేమో. చేతిలో పసుపు రాసిన గిన్నె, వెనక మొగుడు, పంతులు. నన్నూ, నా చేతిలో చీపురునూ చూసి ఆగింది. బిల్డర్ గారు ఇంటికి కాపలా పెట్టిన ఆంటీ మీరేనా అని అడిగింది.

అవ్ అన్నాను.

పాలు పొంగించారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు, తాగాను. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచారో అని ఆ అమ్మాయి గది గదికీ వెళ్లి సంబరపడింది. తర్వాత వంటింట్లోకి పక్కకు పిలిచి, మేమిద్దరం పొద్దున పోతే రాత్రికి గానీ రాము, పగలు ఇంట్లో ఒక మనిషి ఉంటే బాగుంటుంది, మీరు ఉంటారా అని అడిగింది.

ఆలోచించుకుని చెప్తానన్నాను.