పదమూడణాల పీపా, బండల కొట్టం

తాండూరు కాపురస్తురాలిని, కీర్తిశేషుడు హన్మయ్య భార్యను, కొండమ్మ అనే నేను ఒంట్లో ఓపిక తగ్గినా తెలివి తగ్గకముందే, ఎవరూ పంపకుండా, ఎవరికీ చెప్పకుండా వికారాబాద్ వచ్చి, దస్తావేజు లేఖరి మల్లికార్జున్ ఎదుట కూర్చొని రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఏదీ రాయించలేదు. నాకు చదువు రాదు. రాసిన ప్రతి ముక్కా చదివించుకొని విన్నాను. తాండూరులోనే రాయించవచ్చు గానీ, అక్కడి లేఖరి నా కొడుకు ఈశ్వర్‌తో కూర్చొని చాయ్ తాగే మనిషి. నాకంటే ముందు నా మాట ఇంటికి చేరుతుంది.

1. పాత తాండూరులో నాపరాతి బండలతో కట్టిన కొట్టం, దాని ముందరి ఖాళీ జాగా నా స్వార్జితం. నా భర్త పోయాక కల్లు దుకాణం నడిపి కొన్నాను. దాని మీద పుట్టుకతో ఎవరికీ హక్కు లేదు. నా తదనంతరం ఆ కొట్టం, జాగా రెండూ నా మనవరాలికి, ఈశ్వర్ బిడ్డ సింధుజకు సర్వహక్కులతో చెందాలి.

2. ఎందుకు ఇస్తున్నానో రాయనక్కర లేదని మల్లికార్జున్ అన్నాడు. రాయమన్నాను.

సింధుజ హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న ఒక చిన్న బీరు కార్ఖానాలో పనిచేస్తుంది. గట్టి బీరు కాచి, ఓకు చెక్క పీపాలో పోసి, నెలల తరబడి ఊరబెట్టే పని ఆమెది. దానికి చల్లని చోటు కావాలి. నడి ఎండాకాలంలో కూడా మా కొట్టం బండకు చెంప ఆనిస్తే చల్లగా ఉంటుంది. ఒకప్పుడు కల్లు కుండలు అక్కడే పెట్టేదాన్ని. ఆబ్కారీ వాళ్ళు వచ్చి చూసి కాగితం ఇచ్చాకే పీపా అక్కడికి చేరింది.

ఈశ్వర్‌కు అది కిట్టలేదు. వాడు తాటిచెట్టెక్కే మోకు మూలకు పడేసి బండల పాలిష్ పని పట్టుకున్నదే బిడ్డకు ఆ వాసన అంటకూడదని. "చెట్టు దిగినోని బిడ్డ మళ్ల కుండ కాడికే వచ్చుడేంది అవ్వా" అని నన్ను నిలదీశాడు. ఆ కొట్టంలో పాలిష్ మిషన్లు పెట్టాలని వాడి కోరిక.

3. ఈసారి వానలు వెనకబట్టాక సింధుజ పీపా కొళాయి తిప్పి, ఇంటిల్లిపాది ముందు నాకు గ్లాసులో పోసి ఇచ్చింది. నూటికి ఎన్ని మార్కులని అడిగింది. నూరు లెక్క నాకు రాదు, పదహారణాల రూపాయికి ఎన్ని అణాల సరుకో చెప్తానన్నాను.

రంగు ముదురు బెల్లం పాకం. నురగ పలచగా లేచి తొందరగా కూర్చుంది. దానికి నేనేమీ తగ్గించలేదు, గట్టి సరుకు నురగ చూపించి మెప్పు అడగదు. వాసనకు ముందు ఖర్జూరం, దాని వెనక ఎండుకొబ్బరి, ఇంకా వెనక రంపం కోసిన కొత్త చెక్క. నోట్లో మొదట తీపి, నడుమ పెనం మీద మాడిన జొన్నరొట్టె అంచు, చివర చేదు. మింగాక రొమ్ములోకి సెగలా దిగి అక్కడే నిలిచింది. కల్లులా దాహానికి తాగేది కాదు. అర గ్లాసు పెట్టుకొని ఒక పూటంతా కూర్చోవచ్చు.

పదమూడణాలు అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. కానీ పెంచమని అడగలేదు. "మూడు యాడ పోయినయ్ నాయినమ్మా" అన్నది, అంతే. చెప్పాను. గుక్క చివర దానిమ్మ తొక్క కొరికినట్టు నాలుక బిగిసినందుకు ఒకటి. రుచికంటే ముందు ఘాటు ముక్కుకు తగిలినందుకు ఒకటి. గింజ మాట్లాడాల్సిన చోట చెక్క మాట్లాడినందుకు ఒకటి. పిల్ల సంతోషానికి పదహారు అంటే ఈ ముసలిదాని నోటి ముత్యాలు రాలిపోతాయా అని నా కోడలు మల్లీశ్వరి వంటింట్లో గిన్నెలకు చెప్పింది. విన్నాను. పులిసిన కల్లును తీపి అని ఊరివాళ్ళకే అమ్మలేదు, మనవరాలికి అమ్ముతానా?

4. ఈశ్వర్ మాత్రం లేచి నిలబడ్డాడు. "తక్కువైంది పారబోసుడే మన ఇంటి రివాజు. నేర్పింది నువ్వే" అన్నాడు. నిజమే, నేర్పింది నేనే. పొద్దున దింపిన కల్లు పొద్దుగూకేసరికి రుచి తగ్గితే మోరీలో పోయించేదాన్ని, మరునాడు కలిపి అమ్మనిచ్చేదాన్ని కాదు. ఆ మాట పట్టుకొని వాడు మిషన్ల వాళ్ళను పిలిచి కొట్టం కొలిపించాడు. పీపాను బయటికి దొర్లించమన్నాడు. నేను పోయి కొట్టం గడపలో కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళిపోయేదాకా లేవలేదు. రేపు నేను లేనప్పుడు ఆ గడపలో కూర్చోవడానికే ఈ కాగితం.

ఆ రివాజు కల్లుది. కల్లు పొద్దు ఎక్కినకొద్దీ తగ్గుతుంది, తగ్గింది తిరిగి రాదు. పీపాలోది అట్లా కాదు. పోసిన కొత్తలో ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను, ఎనిమిదణాలు కూడా చేయదు. ఇప్పుడు పదమూడు. చీకట్లో, చల్లదనంలో కదలకుండా కూర్చొని అంత సంపాదించింది. మిగిలిన మూడణాలకు కావలసింది మోరీ కాదు, ఇంకో ఎండాకాలం, ఇంకో వానాకాలం, ఎవరూ దొర్లించని చోటు. పదహారు వచ్చి ఉంటే సీసాలకెక్కి పోయేది, కొట్టంతో పనే ఉండేది కాదు. కొదువ ఉన్నది గనుకనే కొట్టం ఇస్తున్నాను. కోర్టులో ఎవరైనా అడిగితే ఈ మాటే చదివి వినిపించండి.

5. కొట్టంలో పీపా ఉన్నంతకాలం బండలు కోసే, పాలిష్ పట్టే మిషన్ ఏదీ అక్కడ పెట్టకూడదు.

6. మేముంటున్న ఇల్లు ఈశ్వర్‌కు చెందాలి. అందులో సింధుజ వాటా అడగకూడదు.

7. మల్లీశ్వరికి నా వెండి కడియాలు. గిన్నెలతో చెప్పేవి ఇకమీదట మనుషులతో చెప్పాలని షరతు. షరతు తప్పినా కడియాలు ఆమెవే.

8. పక్కింటి అలీమాబీకి నా రాగి బిందె. ఆమె మందు ముట్టదు, ఆ దరిదాపులకు రాదు. కానీ పీపా తెరిచిన రోజు "ఖజూర్ ఎవరు తెచ్చిండ్రు అక్కా" అని గోడ అవతలి నుంచి అడిగింది. ఖర్జూరం మాట మొదట ఆమెదని నలుగురికీ తెలియాలి.

9. నా దినాలకు నేల మీద ధారగా కల్లు సాకే పోయండి. పీపాలోది పోయవద్దు. అది ఇంకా కాలేదు.

10. ఈ వీలునామా అమలు బాధ్యత వికారాబాద్ వాస్తవ్యుడు, రిటైరైన పంతులు ఏసుదాసుది. ఆయనకు మా ఇంట్లో ఎవరితోనూ చుట్టరికం లేదు, అందుకే ఆయన.

11. ఈశ్వర్ చిన్నతనంలో కళ్ళు మూసుకొని, నాలుక మీద కల్లు చుక్క వేసుకొని అది ఏ చెట్టుదో చెప్పేవాడు. మా ఇంట్లో నా తర్వాత ఆ నాలుక వాడికే ఉంది. కాబట్టి పీపా మళ్ళీ తెరిచిన రోజు సింధుజ తొలి గ్లాసు తన తండ్రి చేతికి ఇవ్వాలి. వాడు తాగి, నలుగురిలో అణాలు చెప్పాలి. బిడ్డ అని ఒకటి పెంచకూడదు, కోపమని ఒకటి తగ్గించకూడదు. వాడు చెప్పేదాకా ఆ సరుకు కొట్టం దాటకూడదు. గ్లాసు పట్టనని వాడంటే ఎవరూ బతిమాలవద్దు. పీపా ఆగుతుంది. ఈశ్వర్ ఎంతకాలం ఆగగలడో నాకు తెలుసు.

వికారాబాద్, 2025 నవంబరు 12, బుధవారం.

కొండమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు, మా కళ్ళముందే ముద్ర వేసినందుకు:
ముక్తార్, బండల మేస్త్రీ, వికారాబాద్
బాల్‌రాజ్, రైతు, కుల్కచర్ల

కొండమ్మ చెప్పగా రాసినది: మల్లికార్జున్, దస్తావేజు లేఖరి, వికారాబాద్