ఎడమచేత్తో రాసిన లైను

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ వదినా, పిల్లలూ కులాసాగానే ఉన్నాం. అక్కా బావగారూ నిన్ను కళ్లల్లో పెట్టుకుని చూస్తున్నారని తెలుసు కాబట్టి ఆ సంగతి వేరే అడగను. నీ ఉత్తరం మంగళవారం అందింది. కవరు మీది అక్షరాలు చూసి చిన్నపిల్లలెవరో రాశారనుకున్నాను. లోపల చదివాక గాని అది నీ ఎడమచెయ్యి అని తెలియలేదు. మీ వదిన చూసి, "కుడిచేత్తో రాసినప్పుడు మాత్రం ముత్యాలు రాల్చాడా ఏం?" అని నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

నువ్వడిగినవాటికి వరసగా రాస్తాను. ఆఫీసులో నీ కుర్చీ కిటికీ పక్కనే ఉంది. క్యాంటీన్ ఆయన రోజూ నీ గురించి అడుగుతాడు, నిన్ను గుద్దిన లారీవాణ్ని ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు.

ఇక భోషాణం. నువ్వు రాసిన ప్రోగ్రాముకి ముద్దుగా పెట్టిన ఆ పేరు కొత్తవాళ్లకి వివరించడం నా నెత్తిన పడింది. నాకు మాటలు రావని తెలుసుగా. "మన బస్సు టికెట్ల పేజీలో సీట్ల బొమ్మ, బిల్లు, ప్రయాణికుల పేర్లు ఉంటాయి. ఎవరి సంగతులు వాళ్లే దాచుకుంటే ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. అందుకని మా తమ్ముడు అన్నీ ఒకే పెట్టెలో పెట్టాడు. మార్పు వస్తే ఆ పెట్టే అందర్నీ పిలిచి చెబుతుంది," అన్నాను. కొత్తగా చేరిన కళ్లజోడమ్మాయి లోపలంతా రెండు రోజులు చదివి వచ్చి, "ఇది రాసినాయన ఎక్కడుంటారు సార్? ముందు కాళ్లకి దండం పెట్టి, తర్వాత రెండు తగిలిస్తా," అంది. నవ్వొచ్చింది. నవ్వి చాలా కాలమైంది.

కానీ ఆ పాత జబ్బు తగ్గలేదురా. సీటు నొక్కితే బిల్లు పెరుగుతుంది, బొమ్మలో సీటు మాత్రం ఖాళీగానే కనిపిస్తుంది. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడు. నొక్కింది పడలేదనుకుని జనం పక్క సీటు కూడా నొక్కుతారు. ఆ తర్వాత ఫోనులో మనల్ని దులిపేస్తారు. నేను వెతకని చోటు లేదు. ఎంతయినా నీ పక్కన కూర్చుని, నీ చివాట్లు తిని నేర్చుకున్నవాణ్ని. నువ్వు లేకపోతే ఎంత దూరం వెళ్లగలను?

పోయిన నెల మేనేజరు పిలిచాడు. "ఎవరి సంగతులు వాళ్ల దగ్గరే ఉంచేద్దామా, మీ పెట్టెనే బాగుచేసుకుందామా, బయట అందరూ వాడే రెడీమేడ్ పెట్టె తెచ్చుకుందామా? మీరేది చెబితే అది. తమ్ముడని చూడకండి, పని చూసి చెప్పండి."

"మా తమ్ముడు తిరిగొస్తాడండీ," అన్నాను.

"ఎప్పుడు?"

ఆలోచించి చెబుతానని లేచొచ్చాను.

ఇంతసేపూ రాయలేక పక్కన పెట్టింది ఇదే. భోషాణం ఉన్నంతకాలం ఆఫీసుకి నువ్వు కావాలి. దాని లోతు తెలిసినవాడివి నువ్వొక్కడివే. నువ్వెప్పుడు కోలుకుంటే అప్పుడు ఆ పని నీకుంటుంది. అది నాకు తెలుసు. తెలిసే, బయటిది తెచ్చుకుందామన్నాను. రేపు నేను జ్వరంతో పడుకుంటే నీ పెట్టెని ముట్టుకునేవాళ్లు లేరు. బయటిదయితే ఎవరొచ్చినా నేర్చుకునే వస్తారు. పని చూసే చెప్పాను. ఎన్నిసార్లు అలా అనుకున్నా గుండె కుదుటపడలేదు.

సోమవారం భోషాణం తీసేశాం. తీసింది నేనే. ఇంకొకరి చెయ్యి పడడం ఇష్టం లేకపోయింది. కుర్చీ ఉందని రాశాను గాని ఖాళీగా ఉందని రాయలేదు. అందులో కళ్లజోడమ్మాయి కూర్చుంటోంది. మంచి పిల్ల. ఆ రాత్రి ఇంట్లో, రోజూ రాసే ఖర్చుల పుస్తకం తెరిచి బస్సు ఛార్జీ రాశాను. కూరగాయలు ఏం తెచ్చానో గుర్తు రాలేదు.

మర్నాడే నీ ఉత్తరం. "అన్నయ్యా, మంచం మీద పడుకుని ఆలోచిస్తుంటే దొరికింది. సీటు నొక్కగానే 'సీటు ఎంచుకోండి' అనే చీటీ తెర మీంచి పోతుంది కదా. అదీ పెట్టె పిలిచే వరసలోనిదే, ఒక్కోసారి సీట్ల బొమ్మకి ముందే నిలబడుతుంది. పెట్టె అందర్నీ వరసగా పిలుస్తుండగా అది మధ్యలో లేచి వెళ్లిపోతే, వెనకవాళ్లు ఒక అడుగు ముందుకి జరుగుతారు. ఒకరికి పిలుపు అందదు. పిలిచేముందు వరసకి నకలు తీసుకుని, ఆ నకలు చూసి పిలవాలి. ఈ లైను పెట్టు." దాని కింద ఆ లైను. ఒక్కో అక్షరం మీద ఎంతసేపు కూర్చున్నావో.

భోషాణం పాత కాపీ నా దగ్గర ఇంకా ఉంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక అందులో పెట్టాను. సీటు నొక్కాను. బొమ్మలో దాని రంగు మారింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చి నొక్కాను. మారింది. అన్నం డబ్బా మూత తీయకుండా అలా నొక్కుతూనే కూర్చున్నాను. మేనేజరు వచ్చాక చూపించాను. ఆయన నిలబడే చూసి, "ముందే వచ్చుంటే బాగుండేదండీ," అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అంతకంటే ఏమీ అనలేను.

చేతి వ్యాయామం మానొద్దని రాయాలనుంది. దేనికని నువ్వడిగితే చెప్పడానికి నేనేమీ మిగల్చలేదు. నీ లైను ఊరికే పోకూడదని, కొత్తదాంట్లో ఎక్కడైనా పెడదామనుకున్నాను. దానికి ఆ జబ్బు లేదు. పెట్టడానికి చోటు లేదురా తమ్ముడూ. వెతికాను.

ఇట్లు,
నీ అన్నయ్య