గంటంపావు దూరం

కళ్ళజోళ్ళ వారికి,

మీ ల్యాబమ్మ రాస్తున్నది. ఫోనులో చెబితే మధ్యలో "ఉండు, షాపులో మనుషులున్నారు" అంటారని ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చినప్పుడు మీ అక్కయ్య "ఏడువందల కిలోమీటర్లా! కొత్త సంసారం, ఎలాగర్రా?" అని దిగులుపడితే మీరు నవ్వేశారు. "ఎంతక్కా, విమానంలో గంటంపావు. మన ఊళ్ళో ఈ చివర బస్సెక్కి ఆ చివర దిగాలన్నా అంతకంటే ఎక్కువే పడుతుంది" అన్నారు. ఆ మాటే నా కొంప ముంచింది. దూరదేశమైతే నలుగురూ జాలిపడేవాళ్ళు. గంటంపావుకి ఎవరు జాలిపడతారు? అంత దగ్గర కదా అని మీరు ఈ వారం కాకపోతే పై వారం అన్నారు, నేనూ అదే అన్నాను. వేసవి అలాగే గడిచిపోయింది.

పగలంతా ల్యాబులో రక్తం సీసాల మీద పేర్లు చదువుతాను. సాయంత్రం గదికొచ్చి, ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద బట్టలు ఆరేసి, ఇంకోదానిలో కూర్చుంటాను. మొన్న సెలవు రోజున ఇంటావిడ మెట్ల మీద కనబడి "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడిగింది. "కళ్ళజోళ్ళ షాపండీ" అంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పొద్దుటి నుంచి ఎవరితోనూ ఒక్క మాటయినా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది.

అసలు సంగతి ఇది. పోయిన గురువారం నేను మన ఊరు వచ్చాను. మీకు చెప్పలేదు. నన్ను చూడగానే మీ మొహం ఎలా మారుతుందో చూద్దామని సరదా. షాపుకి ఎదురుగా మందులకొట్టు దగ్గర నిలబడ్డాను. మీరు ఎవరో పెద్దావిడకి ఫ్రేము సరిచేస్తున్నారు. ఆవిడేదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వారు. నేను లేనందువల్ల మీకు ఏ లోటూ ఉన్నట్టు కనబడలేదు. రోడ్డు దాటకుండానే వెళ్ళిపోయాను. సాయంత్రం విమానానికే వెనక్కి వచ్చేశాను.

ఇక్కడ ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. ఉంటానని చెప్పేస్తున్నాను. మీరు బాధపడరని నాకు తెలుసు.

మీ
ల్యాబమ్మ

*

ల్యాబమ్మా,

నేను నిన్ను చూశాను.

ఒక చెప్పు విడిచి, ఆ పాదం రెండో పాదం మీద పెట్టి నిలబడేది నువ్వు కాక ఇంకెవరు? సరిచేసిన ఫ్రేము నా కళ్ళకే పెట్టుకుంటే పెద్దావిడ "ఏం బాబూ, కళ్ళజోడు నాకా, నీకా?" అంది. నవ్వాను. ఆవిడ నా మొహంలోకే చూస్తుంటే ఇంకేం చేయను?

నెల రోజులుగా ఫోనులో నీ మాటలు పొడిపొడిగా ఉంటున్నాయి. చెప్పకుండా వచ్చావంటే తెగతెంపులు చేసుకోవడానికే అనుకున్నాను. నువ్వు రోడ్డు దాటితే ఆ మాట వినాలి. అందుకే తల వంచుకుని, సరిగ్గా ఉన్న ఫ్రేమునే మళ్ళీ మళ్ళీ సరిచేస్తూ ఉండిపోయాను. తలెత్తేసరికి నువ్వు లేవు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. షట్టరు సగం దించి లోపలే కూర్చున్నాను. నీకు ఫోను చేద్దామని తీసి, ఏమని అడగాలో తెలియక పెట్టేశాను.

రెండేళ్ళు ఉంటానంటే ఉండు, వద్దనను. నేను బాధపడనని మాత్రం ఇంకెప్పుడూ రాయకు.

శనివారం పొద్దున విమానానికి వస్తున్నాను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మనకి అలవాటు తప్పింది. మొదట్లో మాటలు రాకపోతే కంగారుపడకు, ఊరికే కూర్చుందాం. నువ్వు పొమ్మంటే ఆదివారం వెళ్ళిపోతాను. ఆ మాటేదో నా మొహం చూసి చెప్పు, ఈసారి నేను తల వంచుకోను.

నీ
కళ్ళజోళ్ళ వాడు